రేడియం జాకెట్ వేసుకున్న ప్రతివారూ ట్రాఫిక్ పోలీసులేనా? కెన్యా కౌంటీల మార్షల్స్ గురించి

ప్రశ్న: కెన్యాలో ఒక కౌంటీ (సొంత ప్రభుత్వం ఉన్న ప్రాంతం) పట్టణంలో సరుకుల డెలివరీ వ్యాన్లు చూసుకునే ఉద్యోగం నాది. సొంతూరు నెల్లూరు జిల్లా. పోయిన నెల మా వ్యాన్‌ని ఒక కూడలి దగ్గర ఇద్దరు ఆపారు. రేడియం జాకెట్ల మీద కౌంటీ పేరు, దాని కింద ‘ట్రాఫిక్ మార్షల్’ అని ఉంది. తప్పు లేన్‌లో వచ్చావంటూ మా డ్రైవర్ లైసెన్స్ తీసుకున్నారు, బండి కదలకుండా ముందు చక్రానికి క్లాంప్ బిగించారు, 5,000 షిల్లింగులు కట్టమన్నారు. వాళ్ళలో ఒకరు తన ఫోన్ నంబరుకే ఎంపెసా (ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) చేయమంటే డ్రైవర్ భయపడి పంపేశాడు. క్లాంప్ తీశారు గానీ లైసెన్స్ ఇంకా ఇవ్వలేదు. వాళ్ళిచ్చిన చీటీ ఫోటో పంపుతున్నాను. కౌంటీ ప్రభుత్వం సొంతంగా ట్రాఫిక్ సిబ్బందిని పెట్టుకోవచ్చా? పోలీసులు కాని వాళ్ళు లైసెన్స్ అడగొచ్చా? ఇంకో సంగతి, మా డ్రైవర్ తమ్ముడు కూడా ఇలాగే కౌంటీలో మార్షల్‌గా చేస్తున్నాడు. 8 నెలలుగా రోజు కూలీయే, చేతికి ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. ఆ ఉద్యోగానికి విలువ ఉందా?

సమాధానం: పెట్టుకోవచ్చు. ట్రాఫిక్ పని కోసం మనుషుల్ని నియమించుకునే అధికారం కౌంటీకి ఉంది. కానీ అలా నియమించినంత మాత్రాన ఆ మనిషికి పోలీసు అధికారం రాదు. మీ చీటీ తగువంతా ఈ తేడా దగ్గరే ఉంది. ‘మార్షల్స్ అందరూ దొంగలే’ అనేవాళ్ళూ ఉన్నారు, ‘కౌంటీ మనిషి చెప్పాడంటే కట్టాల్సిందే’ అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా తప్పే. అందుకే ముందు చట్టం ఏమంటుందో కొంచెం ఓపిగ్గా చూద్దాం.

కెన్యా 2010 రాజ్యాంగంలో నాలుగో షెడ్యూలు ఉంది. ఏ పని జాతీయ ప్రభుత్వానిది, ఏ పని 47 కౌంటీలది అన్నది అందులో రెండు భాగాలుగా రాశారు. కౌంటీల భాగంలో 5వ అంశం కౌంటీ రవాణా. దాని కింద కౌంటీ రోడ్లు, వీధి దీపాలు, ట్రాఫిక్, పార్కింగ్, ప్రజా రోడ్డు రవాణా ఉన్నాయి. అంటే ‘ట్రాఫిక్’ అన్న మాట కౌంటీల పక్కన సూటిగానే రాసి ఉంది. అయితే జాతీయ ప్రభుత్వం భాగం కూడా తిరగేయండి. అక్కడ 7వ అంశంలో పోలీసు సేవలు, క్రిమినల్ చట్టం ఉన్నాయి. 8వ అంశం కోర్టులు. 18వ అంశంలో రవాణా కింద మొట్టమొదటి మాటే ‘రోడ్డు ట్రాఫిక్’. ఒకే మాట రెండు చోట్లా కనబడేసరికి ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు లాగుతుంటారు.

దీనికి దారి రాజ్యాంగంలోనే ఉంది. ఒక పని రెండు స్థాయిలకూ అప్పగించి ఉంటే అది ఉమ్మడి అధికారం అవుతుందని 186వ అధికరణ అంటుంది. రెండు చట్టాలూ ఢీకొన్నప్పుడు ఏది నెగ్గాలో 191వ అధికరణ చెబుతుంది. దేశమంతటా ఒకే పద్ధతి ఉండాల్సిన విషయాల్లో జాతీయ చట్టానిదే పైచేయి. డ్రైవింగ్ లైసెన్స్, వాహన రిజిస్ట్రేషన్, వేగ పరిమితి, తాగి నడపడం, తప్పు లేన్ లాంటి నేరాలు, వాటి శిక్షలు అన్నీ ట్రాఫిక్ యాక్ట్ పరిధిలోకి వస్తాయి. అక్కడ అందరూ దాన్ని క్యాప్ 403 (403వ అధ్యాయం) అంటారు. మొంబాసాలో ఒక శిక్ష, కిసుములో ఇంకో శిక్ష ఉంటే డ్రైవర్లు బతకలేరు కాబట్టి ఇవి జాతీయ స్థాయిలో ఉండటమే సబబు. ఇక ఊళ్ళో ఏ వీధి వన్‌వే, మటాటు (ప్రైవేటు మినీ బస్సు) స్టేజీ ఎక్కడ, బోడా బోడాలు (బాడుగ మోటారు సైకిళ్ళు) ఎక్కడ ఆగాలి, సరుకు దింపడానికి ఏ వేళలు, పార్కింగ్ రుసుము ఎంత, రద్దీ వేళ కూడలిలో వాహనాల్ని ఎటు మళ్ళించాలి అన్నవి ఆ ఊరి సంగతులు. వాటిని నైరోబీలో కూర్చున్న జాతీయ అధికారి చూడలేడు. అవి కౌంటీ చూసుకోవాల్సినవి.

మన దగ్గరి పద్ధతితో పోల్చి చూస్తే ఇది తొందరగా బోధపడుతుంది. భారత రాజ్యాంగంలో పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలో 2వ అంశం. మునిసిపాలిటీల కోసం 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో 17వ అంశం కింద వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు ఉన్నాయి గానీ ట్రాఫిక్ అన్న మాట లేదు. అందుకే హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ట్రాఫిక్ నడిపేది రాష్ట్ర పోలీసు శాఖ. చేతికింద సాయానికి హోంగార్డుల్ని పెట్టుకున్నా వాళ్ళు పోలీసు అజమాయిషీలోనే పని చేస్తారు. కార్పొరేషన్ తన సొంత ట్రాఫిక్ సిబ్బందిని కూడలిలో నిలబెట్టడం మనం చూడం. ఆ అలవాటుతో కెన్యా వెళ్ళినవాళ్ళకి కౌంటీ జాకెట్ కనబడగానే ‘వీళ్ళెవరు?’ అన్న అనుమానం రావడం సహజం. కానీ అక్కడి కౌంటీకి మన మునిసిపాలిటీకి లేని రాజ్యాంగ బలం ఉంది. దాన్ని కాదనలేం.

ఇక నియామకం సంగతి. 235వ అధికరణ ప్రకారం తన సేవలో కొలువులు సృష్టించడం, మనుషుల్ని నియమించడం, క్రమశిక్షణ చర్యలు తీసుకోవడం కౌంటీ ప్రభుత్వం పనే. పార్లమెంటు చట్టం పెట్టిన ఉమ్మడి ప్రమాణాలకు లోబడితే చాలు. ఆ చట్టం 2012 నాటి కౌంటీ గవర్నమెంట్స్ యాక్ట్. దాని 57వ సెక్షన్ కింద ప్రతి కౌంటీకీ ఒక పబ్లిక్ సర్వీస్ బోర్డు ఏర్పడుతుంది. మార్షల్ కొలువును సృష్టించాల్సిందీ, నియమించాల్సిందీ ఆ బోర్డే. గవర్నరు సభలో ప్రకటించినా, రవాణా శాఖ అధికారి నోటిమాటగా రమ్మన్నా అది నియామకం కాదు. ఖాళీల గురించి బహిరంగ ప్రకటన ఇవ్వాలని 66వ సెక్షన్, నియామకం రాతపూర్వకంగా ఉండాలని 67వ సెక్షన్ చెబుతాయి. ప్రారంభ స్థాయి ఖాళీల్లో కనీసం 30 శాతం ఆ కౌంటీలో మెజారిటీగా లేని జాతుల వారికి దక్కాలన్న నియమం 65వ సెక్షన్‌లో ఉంది. దీని మీద డబ్బు పరిమితి ఒకటి. 2015 నాటి కౌంటీ ఆర్థిక నిర్వహణ నిబంధనల ప్రకారం జీతాల ఖర్చు కౌంటీ మొత్తం ఆదాయంలో 35 శాతం దాటకూడదు. చాలా కౌంటీలు ఆ గీత దగ్గరే ఊగిసలాడుతుంటాయి కాబట్టి పక్కా కొలువు ఇవ్వకుండా రోజు కూలీ మీద జాకెట్లు తొడిగించేస్తాయి. మీ డ్రైవర్ తమ్ముడి కష్టం ఇక్కడే మొదలైంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నియామకం పక్కాగానే జరిగిందనుకుందాం. అప్పుడు ఆ మార్షల్‌కి ఏ అధికారాలు వస్తాయి? కౌంటీ అసెంబ్లీ చేసిన చట్టం ఏవిస్తే అవే వస్తాయి, అంతకు మించి రావు. ఆ చట్టం కూడా కెన్యా గెజిట్‌లో అచ్చయితేనే అమల్లోకి వస్తుందని 199వ అధికరణ కచ్చితంగా చెబుతుంది. చట్టం కింద నియమాలు చేస్తే వాటిని అచ్చయ్యాక 7 సమావేశ దినాల్లోగా సభ ముందు పెట్టాలని, లేకపోతే అవి చెల్లవని 2013 నాటి స్టాట్యూటరీ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ అంటుంది. రుసుములు, జరిమానాల విషయంలో 210వ అధికరణ ఇంకా గట్టిది. చట్టంలో లేని పన్ను గానీ లైసెన్సు రుసుము గానీ ఎవరూ వేయడానికి వీల్లేదు. కాబట్టి కౌంటీ మనిషి ఏదైనా మొత్తం అడిగాడంటే దానికి కౌంటీ ఫైనాన్స్ యాక్ట్ షెడ్యూలులో ఒక వరుస ఉండి తీరాలి.

తప్పులు ఎక్కువగా ఈ మెట్లలోనే జరుగుతాయి. ముందు మనుషుల్ని పెట్టేసుకుని, చట్టం తర్వాత చేద్దామనుకునే కౌంటీ ఉంటుంది. చట్టం చేసి, అందులో ‘అధీకృత అధికారి’ అని రాసి, ఆ అధికారులు ఎవరో పేర్లతో ఉత్తర్వు ఇవ్వడం మర్చిపోయే కౌంటీ ఉంటుంది. ఇంకా పాత మునిసిపల్ కౌన్సిల్ బైలా నంబరే చీటీల మీద అచ్చేసుకునే చోట్లూ ఉంటాయి. ఆ బైలాలకు తల్లి అయిన లోకల్ గవర్నమెంట్ యాక్ట్, క్యాప్ 265, 2013 ఎన్నికల ఫలితాలతో రద్దయిపోయింది. పాత బైలా ఒక్కటే ఆధారం అంటే గట్టిగా ప్రశ్నించడానికి మీకు చోటుంది.

పోలీసు అధికారం మాత్రం వేరే దారిలో వస్తుంది. 243వ అధికరణ ఒక్క జాతీయ పోలీసు సేవనే స్థాపించింది. అందులో మనుషుల్ని చేర్చుకోవడం 246వ అధికరణ కింద నేషనల్ పోలీస్ సర్వీస్ కమిషన్ పని. ఇంకేదైనా పోలీసు సేవ కావాలంటే 247వ అధికరణ ప్రకారం పార్లమెంటే చట్టం చేయాలి, అది కూడా జాతీయ పోలీసు అధిపతి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ అదుపులోనే ఉండాలి. కౌంటీ అసెంబ్లీ ఎంత మెజారిటీతో తీర్మానించినా కౌంటీ పోలీసులు పుట్టరు.

ఇప్పుడు మీ ప్రశ్నలోకి. ట్రాఫిక్ యాక్ట్ 36వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ లైసెన్స్ వెంట ఉంచుకోవాలి, పోలీసు అధికారి అడిగితే చూపించాలి. అక్కడ రాసింది పోలీసు అధికారి అని. మీ కౌంటీ చట్టంలో ఏదైనా విడి అధికారం ఉంటే తప్ప, కౌంటీ మార్షల్‌కి లైసెన్స్ చూపించాల్సిన బాధ్యత మీ డ్రైవర్‌కి లేదు. చూపించడం వేరు, లాక్కుని దగ్గర పెట్టుకోవడం వేరు. రెండోదానికి ఆ చట్టం మార్షల్‌కి ఎక్కడా చోటివ్వలేదు. ఇక తప్పు లేన్ అన్నది ట్రాఫిక్ యాక్ట్ నేరం. దానికి అక్కడికక్కడ జరిమానా రాసే పద్ధతి కూడా పోలీసుల చేతుల్లో పెట్టిందే. 2016 నాటి ట్రాఫిక్ చిన్న నేరాల నియమాల్లో దేనికెంత అన్నది వరుసగా రాసి ఉంది. నడుపుతూ ఫోన్ వాడితే 2,000, పాదచారుల బాట మీద బండి పోనిస్తే 5,000, అలా. ఆ పట్టీ చూసి మొత్తం చెప్పే అధికారం కౌంటీ మార్షల్‌ది కాదు. ఆ తప్పు నిజంగా జరిగి ఉంటే మార్షల్ చేయగలిగింది బండి నంబరు రాసుకుని, పక్కనున్న పోలీసుకి చెప్పి, రేపు కోర్టులో సాక్షిగా నిలబడటం. కౌంటీలు, పోలీసులు కలిసి పని చేసే చోట జరిగేది ఇదే. 189వ అధికరణ రెండు ప్రభుత్వాల మధ్య సహకారం కోరేది కూడా ఇలాంటి వాటి కోసమే.

క్లాంప్ విషయంలో మాత్రం మార్షల్ పక్షాన కొంత న్యాయం ఉంది. పార్కింగ్ కౌంటీ పని. రుసుము కట్టకుండా కౌంటీ పార్కింగ్ గడిలో బండి వదిలినా, ఆపకూడని చోట ఆపినా, కౌంటీ చట్టంలో క్లాంప్ అని రాసి ఉంటే వేయొచ్చు. కానీ మీ బండి కదులుతూ ఉండగా ఆపారు. కదిలే బండిని ఆపి, లేన్ తప్పుకి పార్కింగ్ క్లాంప్ వేయడం రెండు అధికారాల్ని కలిపి కలగాపులగం చేయడమే.

మీరు పంపిన చీటీ ఫోటోని కొంచెం దగ్గరగా చూద్దాం. పైన కౌంటీ ముద్ర ఉంది, అది రబ్బరు ముద్ర. కింద చేతిరాతతో ‘ట్రాఫిక్ తప్పు – 5,000’ అని ఉంది. బండి నంబరులో చివరి అక్షరం తప్పు పడింది. తేదీ ఉంది గానీ టైము లేదు, చోటు లేదు. ఏ చట్టం, ఏ సెక్షన్ అన్న గడి ఖాళీ. రాసిన మనిషి సంతకం ఒక గీత, సిబ్బంది నంబరు లేదు. వరుస నంబరు అచ్చేసి ఉండాల్సిన మూలలో ఏమీ లేదు. నిజమైన కౌంటీ డిమాండ్ నోటీసులో వరుస నంబరు, బండి నంబరు, తేదీ, చోటు, టైము, ఉల్లంఘించిన కౌంటీ చట్టం సెక్షన్, ఫైనాన్స్ యాక్ట్ ప్రకారం మొత్తం, ఎక్కడ కట్టాలి, అభ్యంతరం ఎవరికి చెప్పుకోవాలి, అధికారి పేరు, సిబ్బంది నంబరు ఉండాలి. మీ చీటీలో వీటిలో ఒక్క తేదీ తప్ప ఏదీ సరిగ్గా లేదు.

ఆ చీటీ కన్నా మీ డ్రైవర్ ఫోన్‌లోని ఎంపెసా మెసేజ్ పెద్ద సాక్ష్యం. కౌంటీ ఖజానాకి పేబిల్ (సంస్థలకి కట్టే ఎంపెసా పద్ధతి) ద్వారా కడితే మెసేజ్‌లో సంస్థ పేరు, దాని పక్కన ఏ ఖాతాకి అన్నది వస్తుంది. మనిషికి పంపితే మనిషి పేరు, ఫోన్ నంబరు వస్తాయి. మీ డ్రైవర్ దగ్గరున్నది రెండో రకం. ఆ డబ్బు కౌంటీకి చేరలేదు. దాన్ని తీసుకున్న మనిషి నిజంగా కౌంటీ ఉద్యోగే అయితే ఇది జరిమానా కాదు, లంచం కిందికి వచ్చే విషయం. కాకపోతే ఉద్యోగిగా నటించడం పీనల్ కోడ్ 105వ సెక్షన్ కింద నేరం. ఆ మెసేజ్‌ని చెరిపేయొద్దని డ్రైవర్‌కి ఈరోజే చెప్పండి. ఫోన్ పోయినా దొరికేలా మీరూ ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

మీరు చేయాల్సిన మొదటి పని లైసెన్స్ కోసం. డ్రైవర్ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి ఓబీ నంబరు తీసుకోవాలి. ఓబీ అంటే స్టేషన్‌లో ప్రతి ఫిర్యాదూ రాసే పుస్తకం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. తొందరగా నకలు తెచ్చుకోవచ్చని ‘లైసెన్స్ పోయింది’ అని రాయిస్తారు. అలా రాయిస్తే రెండు నష్టాలు. అది అబద్ధపు సమాచారం అవుతుంది, పైగా లాక్కున్నారన్న మీ ఫిర్యాదు రేపు నిలబడదు. ‘ఫలానా చోట, ఫలానా టైముకి, ఇలాంటి జాకెట్ వేసుకున్న ఇద్దరు తీసుకున్నారు, తిరిగి ఇవ్వలేదు’ అనే రాయించండి. ఆ ఓబీ నంబరు వేసి కౌంటీ రవాణా శాఖ బాధ్యుడైన ఎగ్జిక్యూటివ్ కమిటీ సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. ప్రతిని కౌంటీ కార్యదర్శికి పంపండి. స్వీకరించినట్టు మీ దగ్గరుండే కాపీ మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. ముద్ర లేని ఉత్తరం రాయనిదాని కిందే లెక్క.

ఆ ఉత్తరంలో కోపం వద్దు, మూడు విషయాలే అడగండి. లైసెన్స్ తిరిగి ఇవ్వాలి. ఏ చట్టం ఏ సెక్షన్ కింద బండి ఆపి క్లాంప్ వేశారో రాతలో చెప్పాలి. 5,000 ఏ ఖాతాకి జమ అయిందో చూపించాలి. ఇలా కారణాలు అడగడానికి 47వ అధికరణ, 2015 నాటి ఫెయిర్ అడ్మినిస్ట్రేటివ్ యాక్షన్ యాక్ట్ మీకు హక్కిస్తాయి. ఈ హక్కు ‘ప్రతి వ్యక్తికీ’ అని ఉంది కాబట్టి భారతీయ పాస్‌పోర్టుతో ఉన్న మీరు కూడా అడగొచ్చు.

అదే సమాచార హక్కు చట్టం దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. మార్షల్స్ నియామక ఉత్తర్వులు, అధీకృత అధికారుల జాబితా లాంటివి అడగాలంటే 2016 నాటి యాక్సెస్ టు ఇన్ఫర్మేషన్ యాక్ట్ వాడాలి. కానీ 35వ అధికరణ ఆ హక్కుని పౌరులకే ఇచ్చింది. కెన్యా పౌరులు నడిపే కంపెనీ కూడా అడగొచ్చు. మీ పేరు మీద దరఖాస్తు పెడితే ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టేస్తారు. మీ డ్రైవర్ కెన్యా పౌరుడే అయితే అతని పేరు మీదే పెట్టించండి. 21 రోజుల్లో జవాబు రావాలి. ఎక్కువ సమాచారమైతే ఇంకో 14 రోజులు ఒకసారి పొడిగించుకోవచ్చు. రాకపోతే, కాదంటే కమిషన్ ఆన్ అడ్మినిస్ట్రేటివ్ జస్టిస్ దగ్గర 30 రోజుల్లోగా పునఃపరిశీలన కోరాలి. అక్కడి జనం దాన్ని అంబుడ్స్‌మన్ అనే పిలుస్తారు. డబ్బు సొంత నంబరుకి వెళ్ళిన సంగతి అవినీతి నిరోధక సంస్థ అయిన ఈఏసీసీ దాకా తీసుకెళ్ళడం వేరే దారి. అది లైసెన్స్ ఉత్తరంతో కలపకండి. కలిపితే లైసెన్స్ ఫైలు ‘విచారణలో ఉంది’ అన్న మాట మీద ఆగిపోతుంది. హైకోర్టు ఆలోచన ఇప్పుడే వద్దు. లోపల ఉన్న దారులన్నీ వాడాకే రమ్మని ఫెయిర్ అడ్మినిస్ట్రేటివ్ యాక్షన్ యాక్ట్ 9వ సెక్షన్ అంటుంది, కోర్టులు దాన్ని గట్టిగానే పాటిస్తాయి.

రోడ్డు మీద మళ్ళీ ఇలాంటిది జరిగితే ఏం చేయాలో మీ డ్రైవర్లందరికీ చెప్పి ఉంచండి. కూడలిలో మార్షల్ చెయ్యి చూపిస్తే ఆగాలి. ‘నువ్వు పోలీసువి కాదుగా’ అని దూసుకుపోవద్దు. ట్రాఫిక్ నడపడం కౌంటీ పనే, పైగా ఎదురుగా ఇంకో బండి వస్తూ ఉండొచ్చు. ఆగాక అద్దం సగం దించి మాట్లాడాలి, తలుపులు లాక్ చేసే ఉంచాలి. నైరోబీలో కౌంటీ మనుషుల్ని కాంజో అంటారు. వాళ్ళు తలుపు తీసి పక్క సీట్లో కూర్చుని ‘ఆఫీసుకి పోనివ్వు’ అనడం డ్రైవర్లందరికీ తెలిసిన కథే. బండిలో ఎక్కనిస్తే బేరం మొదలైనట్టే. ‘పోలీస్ స్టేషన్‌కి పదండి, నేను మీ వెనకే వస్తాను’ అనడం మంచి జవాబు. నిజంగా అరెస్టు చేశామంటే కారణం అతనికి అర్థమయ్యే భాషలో వెంటనే చెప్పాలి, 24 గంటల్లోగా కోర్టు ముందు నిలబెట్టాలి. ఇది 49వ అధికరణ. సెలవు రోజు పడితే తర్వాతి కోర్టు రోజు దాకా ఆ గడువు జరుగుతుంది కాబట్టి శుక్రవారం సాయంత్రం గొడవలు పెంచుకోవద్దని డ్రైవర్లకి ప్రత్యేకంగా చెప్పండి. కేసంటూ పెడితే అది మేజిస్ట్రేట్ కోర్టుకే వెళ్తుంది. కౌంటీకి సొంత కోర్టు ఉండదు. అందులో ప్రాసిక్యూషన్ కూడా 157వ అధికరణ కింద డీపీపీ (పబ్లిక్ ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్) అధికారంతో నడవాల్సిందే.

మార్షల్ నిలబడిన రోడ్డు ఎవరిదన్నది కూడా చూడండి. థికా రోడ్డు లాంటి జాతీయ రహదారులు కెన్హా సంస్థ చేతుల్లో ఉంటాయి. కౌంటీ పార్కింగ్ నియమాలు అక్కడ వర్తిస్తాయని చెప్పాలంటే కౌంటీ దగ్గర వేరే ఒప్పందం ఉండాలి. మీ వ్యాన్‌ని ఆపిన కూడలి ఏ రోడ్డు మీదుందో ఉత్తరంలో తప్పకుండా రాయండి.

నైరోబీ పనుల మీద పాత రసీదులు చూసేవాళ్ళకి ఒక మాట. 2020 ఫిబ్రవరి 25న కుదిరిన ఒప్పందంతో నైరోబీ కౌంటీ రవాణాతో సహా నాలుగు పనుల్ని జాతీయ ప్రభుత్వానికి అప్పగించింది. 187వ అధికరణ అలా అప్పగించుకోనిస్తుంది. 2022 దాకా ఆ పనులు ఎన్ఎంఎస్ (నైరోబీ మెట్రోపాలిటన్ సర్వీసెస్) అనే సంస్థ చూసింది. అందుకే ఆ రోజుల నాటి చీటీల మీద యజమాని పేరు మారి కనబడుతుంది. అప్పగించినా రాజ్యాంగపరమైన బాధ్యత మాత్రం కౌంటీదేనని అదే అధికరణ చెబుతుంది.

ఇక మీ డ్రైవర్ తమ్ముడి సంగతి. అతని మీద నాకు నిజంగా జాలి వేస్తోంది. ఎండలో వానలో కూడలిలో నిలబడుతున్నాడు, ఏదైనా తేడా వస్తే ‘అతను మా మనిషి కాదు’ అని కౌంటీ తేల్చేయగలదు. నియామక పత్రం, సిబ్బంది నంబరు, ఏ చట్టం కింద అధీకృతుడో చెప్పే ఉత్తర్వు లేకుండా అతను ఒక్క క్లాంప్ వేసినా, ఒక్క లైసెన్స్ పట్టుకున్నా ఆ కేసు అతని మెడకే చుట్టుకుంటుంది. అతను చేయదగింది చెయ్యి చూపించి వాహనాల్ని మళ్ళించడం వరకే. డబ్బు ముట్టుకోకూడదు, పై అధికారి చెప్పినా సరే.

కూలీ విషయంలో మాత్రం చట్టం అతని పక్షాన ఉంది. 2007 నాటి ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ 37వ సెక్షన్ ప్రకారం, రోజు కూలీ మనిషి ఒక నెలకి తగ్గకుండా వరసగా పని చేసినా, మూడు నెలల్లో తేలని పని చేస్తున్నా, ఆ కొలువు నెలజీతపు ఒప్పందంగా మారినట్టే లెక్క. అతనికి 8 నెలలైంది. దానివల్ల పర్మనెంట్ అయిపోయాడనుకోవద్దు. నోటీసు, సెలవులు లాంటి ఉద్యోగి హక్కులు అడగడానికి మాత్రం గట్టి ఆధారం. అతను ఈ నెల నుంచే పని చేసిన రోజులు, నిలబడిన కూడలి, ఆ రోజు సూపర్‌వైజర్ ఎవరు, ఎంత కూలి ఏ తేదీన ఎంపెసాలో వచ్చింది అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. గడిచిన నెలల కూలి మెసేజ్‌లు ఫోన్‌లో ఉంటే వాటినీ తేదీల వారీగా ఎక్కించాలి. వాటితో కౌంటీ పబ్లిక్ సర్వీస్ బోర్డు కార్యదర్శికి ఒక ఉత్తరం రాసి, తన పేరు మీద నియామక పత్రం ఉందా, లేకపోతే ఎప్పుడు ఇస్తారు అని అడగాలి. శాఖ అధికారిని అడిగితే ‘చూద్దాం’ అంటాడు. బోర్డుని రాతలో అడిగితే ఆ ఉత్తరం ఫైలులోకి ఎక్కుతుంది. తర్వాత ఖాళీలకి ప్రకటన పడినప్పుడు ఆ నోటు పుస్తకమే అతని అనుభవానికి సాక్ష్యం.